కళింగ దండయాత్రయు రాయబారమును: రాయవాచకము ఆధారముగా ఒక పరిశీలనము

పొరుగు రాజ్యముపై ఒక రాజు దండెత్తుటకు హేతువు లెవ్వి? యుద్ధమునకు ముందుగాని, నడుమగాని, పిమ్మటగాని రాయబారము వలన ఒనగూడు మేలు కలదా? ఈ ప్రశ్నలను రాజనీతిశాస్త్రజ్ఞులు తమ పద్ధతిలో విచారింతురు. సాహిత్య విద్యార్థికి వేఱొక మార్గము కలదు. ఒకే దండయాత్రను గూర్చి వేర్వేఱు ప్రక్రియలలో, వేర్వేఱు ప్రయోజనములతో వెలసిన రచనలు లభించినప్పుడు వానిని ప్రక్కప్రక్కల నుంచుకొని చదువవచ్చును. ఏ రచన దేనిని చెప్పినది, దేనిని దాటవేసినది అని పరికింపవచ్చును. తెలుగున ఇట్టి పరిశీలనకు శ్రీకృష్ణదేవరాయలు కళింగ గజపతిపై సాగించిన దండయాత్రను (1513–1518) మించిన దృష్టాంతము నాకు కానరాదు. దండెత్తిన రాజు స్వయముగా కవి. ఆయన కావ్యము పుట్టినది ఆ దండయాత్ర నడుమనే. ఆ యుద్ధకథను తరువాత వచనమున వ్రాసినవాడు ఒక స్థానాపతి, అనగా రాయబారమే వృత్తిగా గలవాడు. విదేశీయుడగు పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ వ్రాసిన వృత్తాంతమును మనకు దక్కినది.

రాయబారమనగానే మనవారికి తిక్కన ఉద్యోగపర్వము స్ఫురించుట సహజము. కాని ఆ రాయబారమునకు ఒక చిక్కు కలదు. అచట దూత భగవంతుడు. ఫలితము శ్రోతలకు ముందే తెలియును. దాని యందలి వాక్చాతుర్యము అధ్యయనీయమే యైనను, రాయబారము లోకమున ఏమి చేయగలదు, ఏమి చేయజాలదు అని తెలిసికొనుటకు మనుష్యుల నడుమ నడిచిన వ్యవహారమును చూడవలెను. కాన ఇచట దానిని తడవను.

పొరుగువాడు శత్రువగుట ఏల యను ప్రశ్నకు కౌటిల్యుడు అర్థశాస్త్రము ఆఱవ అధికరణమున తడుముకొనక సమాధానమిచ్చినాడు. విజిగీషువు భూమికి ఆనుకొని యున్న భూమి గలవాడు అరి. వానికి ఆవలివాడు మిత్రము. వైరము వ్యక్తుల గుణదోషములనుండి గాక సరిహద్దునుండియే పుట్టుచున్నదని దీని తాత్పర్యము. 1909లో ఈ గ్రంథము ముద్రితమైనది మొదలు మన చరిత్ర వ్యాసములలో ఈ మండల సిద్ధాంతము సర్వరోగ నివారిణివలె వాడబడుచున్నది. కాని దానితో కళింగ దండయాత్ర వివరింపబడునా? 1509లో రాయలు సింహాసన మెక్కునాటికి విజయనగరమునకు ఆనుకొని యున్నవాడు గజపతి యొక్కడే కాడు. ఉత్తరమున బహమనీ రాజ్యము చీలికలగుచుండెను. బీజాపురమువారితో రాయచూరు అంతర్వేది తగవు తీరలేదు. పడమటి తీరమున పోర్చుగీసువారు 1510లో గోవాను పట్టుకొనిరి. ఇందఱు భూమ్యనంతరులు ఉండగా ఐదేండ్ల శ్రమను తూర్పుదిక్కునకే ధారవోయుట ఏల? సరిహద్దు శత్రువులను చూపునే గాని వారిలో ఒకనిని ఎన్నుకొనదు.

నూనిజ్ ఒక కారణము చెప్పుచున్నాడు. సాళువ నరసింహరాయలు అవసానమున తన వారసులకు మూడు దుర్గములను అప్పుగా వదలి పోయెనట: రాయచూరు, ఉదయగిరి, కొండవీడు. వానిని సాధింపవలెనని ఆయన ఆజ్ఞ. నరసింహరాయలు ఉదయగిరియొద్ద పురుషోత్తమ గజపతికి చిక్కి, ఆ దుర్గమును విడిచి విడుదల పొందిన సంగతిని తలచినచో ఈ కోరికలోని బాధ తెలియును. రాజ్యము చేతులు మాఱినను, వంశమే మాఱినను, పోయిన కోట వారసత్వపు బాకీగా మిగిలినది. సాళువులనుండి తుళువులకు రాజ్యముతోపాటు ఆ బాకీయు సంక్రమించినది.

ఇచట కొంచెము నిలిచి ఆ బాకీ లెక్కను పరిశీలింపవలెను. ఉదయగిరి విజయనగర రాజ్యమునకు తొలినాళ్ళనుండియు ఒక ముఖ్యస్థానమే. కొండవీటి సంగతి అట్టిది కాదు. అది రెడ్డిరాజుల దుర్గము. పదునైదవ శతాబ్ది మూడవ దశకమున రెడ్డిరాజ్యము కూలిన తరువాతనే విజయనగరమువారి ఏలుబడి క్రిందికి వచ్చినది. 1454లో కపిలేంద్ర గజపతి దానిని గైకొనెను. అనగా రాయలు ముట్టడించునాటికి కొండవీడు విజయనగరము చేత నున్న కాలముకంటె గజపతుల చేత నున్న కాలమే దాదాపు రెట్టింపు. అయినను అది “పోయిన మన కోట” యైనది. గజపతి పక్షమున లెక్క వేసినచో, కపిలేంద్రుని నాడు కావేరీ ప్రాంతము వఱకు నడిచిన సేనల జ్ఞాపకము వారికిని కలదు. చరిత్రను చూపి భూమి నడుగువాడు తనకు అనుకూలించు సంవత్సరమునుండియే చరిత్రను ఆరంభించును. ఇది మధ్యయుగపు అలవాటు మాత్రమే కాదు. 1990 ఆగస్టున కువైటును ఆక్రమించిన ఇరాకు అది పూర్వపు బస్రా మండలములోనిదే యని వాదించినది. 2022 ఫిబ్రవరిలో రష్యా సేనలు యుక్రెయినుపై నడుచుటకు ముందు, 2021 జులైలో, ఆ రెండు జనములు చారిత్రకముగా ఒక్కటియే యను దీర్ఘవ్యాసము రష్యా అధ్యక్షుని పేరనే వెలువడినది. కారణములను ఇట్లు వ్రాతలో పెట్టవలసిన అగత్యము దండెత్తువానికి ఏల కలుగుచున్నదో సాహిత్య విమర్శకులు ఆలోచింపదగిన విషయము.

జ్ఞాపకము కారణమైనను, అదను లేనిదే దండు కదలదు. రాయల తొలి నాలుగేండ్లలో ఉత్తరపు సుల్తానుల దాడి వెనుకకు కొట్టబడినది; ఉమ్మత్తూరు తిరుగుబాటు అణగినది. అటు ప్రతాపరుద్ర గజపతి వంగదేశపు హుస్సేను షాతో పెనగులాడుచుండెను. రెండు దిక్కుల కాపు వాని బలమును పంచివేసినది. గజపతి చైతన్యుని భక్తుడై కత్తి విడిచినందువలన ఓడెనని ఆర్. డి. బెనర్జీ వంటి చరిత్రకారులు వ్రాసిరి. భక్తిని నిందించుట సులభము. రెండు సరిహద్దులను ఒక్క సేనతో కాచుట ఎంత కష్టమో లెక్కించుట అంత సులభము కాదు. ఉదయగిరి ఏడాదికి పైగా ముట్టడికి ఓర్చి 1514 జూనులో గాని లొంగలేదు. భక్తిచే బలహీనమైన రాజ్యము అట్లు పోరాడునా?

ఇక తీరమును చూడవలెను. కొండవీటి సీమ చేత నున్నవానికి మోటుపల్లి రేవు చేత నుండును. ఆముక్తమాల్యద నాలుగవ ఆశ్వాసమున యామునాచార్యుడు కొడుకునకు చేయు రాజనీతి బోధలో రేవులను గూర్చిన మాట కలదు. దూరద్వీపములనుండి ఏనుగులను, గుఱ్ఱములను తెచ్చు వర్తకులకు ఊళ్ళును మర్యాదలును ఇచ్చి వారిని తనవారిని చేసికొనవలెను. లేనిచో ఆ సరకు శత్రువునకు చేరును. 1510లో ఆల్బుకర్కు ఫాదరు లూయీని విజయనగరమునకు పంపి, హొర్ముజు గుఱ్ఱములను బీజాపురమునకు గాక రాయలకే ఇత్తునని ఆశ చూపిన వృత్తాంతముతో చేర్చి ఈ ఉపదేశమును చదువవలెను. అప్పుడది నీతిశాస్త్రపు ఎత్తిపోత కాదని, అనుభవజ్ఞుడైన రాజు మాట యని తెలియును. శత్రువునకు చేరకుండుటయే ఇందలి ప్రధానాంశము. తనకు లాభము కలుగుటకంటె పొరుగువానికి కలుగకుండుట ముఖ్యమను ఈ భయమే పెక్కు దండయాత్రలకు మూలము.

రాయలు కావ్యావతారికలో ఈ కారణములలో దేనిని చెప్పలేదు. కళింగమును గెలువ బయలుదేఱి, బెజవాడయందు కొన్నిదినములు దండుతో విడిసి, శ్రీకాకుళమున ఆంధ్రవిష్ణువును సేవించి ఏకాదశి ఉపవాసమున్న రాత్రి, స్వామి కలలో కానవచ్చి తెలుగున కావ్యము చేయుమని ఆనతిచ్చెను. ఈ ఘట్టమును తెలుగు భాషాభిమానమునకు ప్రమాణముగ ఉదాహరించుట మనకు పరిపాటి. అది తప్పు కాదు, కాని చాలదు. ఆ స్వామి తాను తెలుగు రాయడనని చెప్పుకొని, ఎదుటివానిని కన్నడ రాయడని పిలుచుచున్నాడు. నిన్నమొన్నటి వఱకు గజపతి ఏలుబడి సాగిన సీమయందలి దేవుడు, ఆ సీమలోనికి సేనతో వచ్చిన పరసీమ రాజుతో, నా కథ నీవు నా ప్రజల భాషలో వ్రాయుమనుచున్నాడు. జయించినవానిని ఆ భూమియే ఆహ్వానించినట్లు చెప్పుటకు ఇంతకంటె సుకుమారమైన మార్గము లేదు. రాయలు భక్తిహీనుడని గాని, కల కల్పితమని గాని నా అభిప్రాయము కాదు. భక్తియు రాజకీయమును ఒకే పద్యమున ఇమిడి యున్నవనియే నా మాట. ఉదయగిరినుండి బాలకృష్ణ విగ్రహమును తెచ్చి, 1515లో విజయనగరమున ఆలయము కట్టించి ప్రతిష్ఠించుటయు, 1516లో సింహాచలేశ్వరునికి ఆభరణములు సమర్పించి శాసనము వేయించుటయు ఇట్టివే.

ఈ యుద్ధము పేరునకు కళింగ దండయాత్ర. ఉదయగిరి, కొండవీడు, కొండపల్లి, రాజమహేంద్రవరము, పొట్నూరు అని స్థలములను వరుసగా చదివినచో, నెత్తురు కాఱినది చాలవఱకు తెలుగు నేలపైననే యని తెలియును. ఇరువైపులను తెలుగువారు కలరు. ప్రబోధచంద్రోదయమును తెనిగించిన నంది మల్లయ, ఘంట సింగయలు ఆ కృతిని ఉదయగిరి ప్రభువగు బసవభూపాలుని మంత్రి గంగయ కిచ్చిరి. ఆ ప్రభువు గజపతుల పక్షమువాడు. అదే కవికుటుంబమువాడు, మలయమారుతకవి మేనల్లుడు, నంది తిమ్మన రాయల సభలో పారిజాతాపహరణము రచించెను. ఒక తరము గడచునప్పటికి కవుల ఇల్లు సరిహద్దు దాటినది. మన సాహిత్య చరిత్రలలో రాయల దిగ్విజయమును తెలుగువారి విజయముగ వర్ణించు వాక్యములు పెక్కు కలవు. ఓడిన కోటలలోనివారు ఏ జాతివారో ఆ వాక్యములు చెప్పవు.

ఇక రాయబారము. రాయవాచకము పదునాఱవ శతాబ్ది తుదిని గాని, పదునేడవ శతాబ్ది మొదట గాని పుట్టిన వచనమని పండితుల నిర్ణయము. జయంతి రామయ్య పంతులుగారి పరిష్కరణమున వెలువడినది. ఫిలిప్ వాగొనర్ 1993లో దానికి ఆంగ్లానువాదమును విపుల పీఠికతో ప్రకటించినాడు. మధుర నాయకుడగు విశ్వనాథునకు వాని స్థానాపతి పంపుకొన్న విన్నపముగ అది సాగును. కౌటిల్యుడు చెప్పిన దూతలు మువ్వురు: సర్వాధికారము గల నిసృష్టార్థుడు, హద్దు గల పరిమితార్థుడు, కమ్మ నందించి వచ్చు శాసనహరుడు. ముగ్గురును పోయి మరల వచ్చువారే. స్థానాపతి అట్లు కాదు. అతడు పరాయి కొలువున కాపురముండును. చూచుచుండును, వినుచుండును, వ్రాయుచుండును. రాయవాచకపు శైలి ఈ వృత్తినుండియే పుట్టినది. సేనల లెక్కలు, ఆదాయముల లెక్కలు, తురుష్క రాజధానులలో ఎవరు ఎవరితో ఏమనిరను చారుల నివేదికలు, రాయల మనసులోని తొందరపాటు, అప్పాజీ అడ్డుపుల్లలు, ఇవన్నియు వాడుకమాటలలో సాగును. ప్రబంధములలో దొరకని దండయాత్ర ఇచట దొరకును.

అందు యుద్ధమును ఆపుటకై నడిచిన రాయబారమునకు ప్రాధాన్యము లేకుండుట గమనింపదగినది. స్థానాపతికి ఇందు వింత లేదు. రాయబారముల పని యుద్ధమును మాన్పుట యని అతడు భావింపడు. ఎవనిపై ముందు నడువవలెను, ఎంతవఱకు నడువవలెను, ఎచట ఆగవలెనను నిర్ణయములకు తగిన వార్తలను సమకూర్చుటయే అతని దృష్టిలో ఆ వృత్తి. పోయిన కోటలను సాధించుట రాజధర్మమని నమ్మినవాని ముందు ఏ దూత ఏమి బేరము పెట్టగలడు? బేరము కుదురుటకు రెండు పక్షములకును విడువదగిన వస్తువు ఉండవలెను. పితృఋణముగ భావింపబడిన కోట విడువదగిన వస్తువు కాదు.

కాని యుద్ధము నడుమ రాయవాచకమున ఒక ఘట్టము కలదు. గజపతి పక్షమున పదాఱుగురు పాత్రులు మహావీరులు. వారిని తలచి రాయలు వెనుకాడును. అప్పుడు అప్పాజీ, ఆ పాత్రులు తమ రాజును పట్టి యిచ్చుటకు ఒప్పుకొన్నట్లు జాబులు వ్రాయించి, పెట్టెలలో కానుకలు నింపి, అవి గజపతి చేత పడునట్లు చేయును. గజపతి తనవారినే అనుమానించి పాఱిపోవును. ఇది చరిత్ర కాదు. ముద్రారాక్షసము చదివినవారికి దీని జాతి తెలియును. అయినను స్థానాపతి ఈ కథను ఎంత ఇష్టముగ చెప్పినాడో చూడుడు. ఇందు వాడబడిన సాధనములు జాబు, కానుక, నమ్మకము. ఇవి రాయబారి పనిముట్లే. సంధికి పనికివచ్చు పనిముట్టు భేదమునకును పనికివచ్చును. అందువలననే రాజులు దూతలను పూర్తిగ నమ్మరు. తన వృత్తికి గల ఈ మచ్చను ఆ రచయిత దాచకపోగా, గొప్పగా చెప్పుకొన్నాడు.

నిజముగ ఫలించిన రాయబారము యుద్ధము చివర నడిచినది. 1515 జూనులో కొండవీడు పడినపుడు గజపతి కుమారుడు వీరభద్రుడు పట్టుబడెను. తక్కువ కులమువానితో కత్తిసాము చేయుమని రాయలు కోరగా ఆ అవమానమునకు ఓర్వక వీరభద్రుడు ప్రాణము తీసికొనెనని నూనిజ్ కథనము. కాని కన్నడ దేశమున మలెబెన్నూరు సీమకు అతడు రాయల క్రింద అధికారిగ నున్నట్లు 1516 నాటి శాసనము తెలుపుచున్నది. వర్తకుడు సంతలో విన్న మాటకంటె శాసనమును నమ్ముట మేలు. పట్టుబడిన రాజకుమారుని చంపక, చెఱసాలలోను పెట్టక, అతని దేశమునకు దూరముగ ఒక సీమ నిచ్చి కూర్చుండబెట్టుట సంధికి తలుపు తెఱచి యుంచుటయే. చిక్కిన శత్రు స్త్రీలను పుట్టినింటనున్నట్లు ఆదరింపవలెనని ఆముక్తమాల్యదలో చెప్పినవాడు ఈ రాజే గదా. దీనిని దయ యనవచ్చును, దూరదృష్టి యనవచ్చును. రెండును ఒకదాని నొకటి కాదనవు.

1518 ప్రాంతమున సంధి కుదిరెను. గజపతి కూతును రాయల కిచ్చెను. రాయలు కృష్ణకు ఉత్తరమునగల భూములను మరల గజపతికి విడిచి, దక్షిణపు భూములను నిలుపుకొనెను. పొట్నూరున జయస్తంభము నాటినవాడు అంత దూరము గెలిచిన భూమిని తిరిగి ఇచ్చుట ఏల? రాయల యౌదార్యమని మన కావ్యవ్యాఖ్యాతలు వ్రాసిరి. రాయవాచకమును ఆ వైపే మొగ్గును. రాయలు కీర్తికొఱకే వచ్చి, రాజ్యమును రాజునకే విడిచినట్లు చెప్పును. నా కిది చాలిన సమాధానముగ తోపదు. తిరిగి ఇచ్చిన భూమికిని, ఉంచుకొన్న భూమికిని నడుమ కృష్ణానది యుండుట యాదృచ్ఛికము కాదు. బాకీగా తలచిన ఉదయగిరి, కొండవీడు రెండును నదికి ఈవలివే. ఆవలి భూమిని నిలుపుకొనవలెనన్నచో కొండపల్లిలోను, రాజమహేంద్రవరములోను, మన్యపు కనుమలలోను దండును ఎల్లకాలము ఉంచవలెను; అప్పుడు రాయచూరువైపు ఎవరు నిలుతురు? సరిహద్దులలోని అడవిజనులను పూర్తిగ అణచుట అసాధ్యము, వారిని మంచితనముతో చేకొనవలెనని ఆముక్తమాల్యద చెప్పు మాటలో ఈ దండయాత్ర నేర్పిన పాఠము వినబడుచున్నది. రాయలు ఏ ఒత్తిడియు లేక విడువలేదు. గజపతి అడిగినంత మాత్రమున విడువలేదు. నిలుపుకొనుటకగు వ్యయము ఇచ్చివేయుటకగు నష్టమును మించినపుడు దూత మాట చెవికెక్కినది. రాయబారము యుద్ధమును ఆపలేదు. అది నిలువవలసిన గీతను గీయగలిగినది. ఆ గీత మేలైన గీతయే. 1520లో రాయలు రాయచూరున గెలుచుటకు తూర్పుదిక్కున లభించిన ఈ నెమ్మది కొంత తోడ్పడి యుండును.

ఆ సంధికి వెల యిచ్చినవారిలో గజపతి కూతురు ఒకతె. ఆమె పేరు కావ్యములలోను కథలలోను పలువిధములుగ కానవచ్చును: జగన్మోహిని, భద్ర, తుక్క. రాయలచే ఉపేక్షింపబడి ఆమె కంభమున ఒంటరిగ నుండెనని, తుక్కాపంచకమను ఐదు సంస్కృత శ్లోకములు ఆమె చెప్పినవేయని ఐతిహ్యము. కంభము చెఱువును కట్టించినది గజపతి ఆడుబిడ్డయే యని అచటివారి నమ్మిక. శ్లోకములు ఆమెవి అవునో కాదో తేల్చుట కష్టము. ఆమె నోట అట్టి శ్లోకములను పెట్టవలెనని లోకమునకు తోచుట మాత్రము సత్యము. సంధిపత్రమున షరతుగ వ్రాయబడిన మనిషి ఏమి పలుకునను ప్రశ్న ప్రబంధకవులకు తట్టలేదు, జనులకు తట్టినది.

రాయవాచకకర్త వ్రాయునాటికి ఈ కథ తరువాతి భాగము అతనికి తెలిసియే యుండును. గజపతుల వంశము ప్రతాపరుద్రుని తరువాత నిలువలేదు. 1565లో విజయనగరము పాడుపడెను. 1571 ప్రాంతమున రాజమహేంద్రవరమును, 1579లో కొండవీడును గోలకొండ వశమైనవి. మూడు తరముల రాజులు ఒకరినుండి ఒకరు గుంజుకొన్న కోటలు ఇరువురికిని దక్కలేదు. తురుష్కులను రాక్షసులవలె చిత్రించిన ఈ రచయిత, గజపతితో జరిగిన యుద్ధమును మాత్రము పెండ్లితోను, రాజ్యమును తిరిగి యిచ్చుటతోను ముగించినాడు. చరిత్రలో సంధి నదియొద్ద గీసిన గీత. అతని వచనమున అది బంధుత్వము. పొరుగువారిరువురును ఒకరినొకరు నొప్పించుకొన్న కాలముననే మూడవవాడు బలియుచుండెనని ఎఱిగిన స్థానాపతి, తన ప్రభువునకు పంపిన విన్నపములో జరిగినదానిని జరుగవలసినదానిగ దిద్దెనని నా ఊహ. మధుర కొలువున ఆ విన్నపమును విన్నవారికి పొరుగువారు తంజావూరు, జింజి నాయకులు.